ఆపేసిన సింథసైజర్ మళ్లీ వస్తుందని ఆగాలా?

ప్రశ్న: గుంటూరులో చిన్న హోమ్ స్టూడియో నడుపుతున్నాను. షార్ట్ ఫిల్ములకు కీబోర్డు ప్రోగ్రామింగ్ చేస్తుంటాను. డల్లాస్‌లో ఉండే మా బావగారు సంక్రాంతికి వస్తున్నారు. అక్కడ ఆయనకు తెలిసినవాళ్ల దగ్గర రోలాండ్ జూనో-106 సింథసైజర్ 1,800 డాలర్లకు అమ్మకానికి ఉంది. అన్ని కీలూ పలుకుతున్నాయట. తెమ్మని చెప్పనా, రోలాండ్ మళ్లీ తయారు చేసేదాకా ఆగనా? మోగ్, కోర్గ్, సీక్వెన్షియల్ తమ పాత మోడళ్లను మళ్లీ తెచ్చాయి కదా. అసలు అంత పేరున్న వాయిద్యాన్ని ఆపేయడమెందుకు, ముప్పై ఏళ్లకు మళ్లీ తేవడమెందుకు? ధర పెంచుకోవడానికి ఆడే నాటకమా ఇది?

సమాధానం: ఆగకండి. అలాగని 1,800 డాలర్ల బేరానికి ఇప్పుడే సరేననకండి కూడా. "అన్ని కీలూ పలుకుతున్నాయి" అన్న ఒక్క మాట మీద జూనో-106 కొనకూడదు. ఎందుకో తెలియాలంటే ముందు మీ రెండో ప్రశ్న సంగతి చూడాలి.

నాటకం పాలు చాలా తక్కువ. సింథసైజర్ ఎప్పుడు ఆగిపోవాలో ఎక్కువసార్లు తేల్చేది లోపలి విడిభాగాలు. ఎప్పుడు తిరిగి రావాలో తేల్చేవి మూడు: పేరు ఎవరి చేతిలో ఉంది, ఆ చిప్ మళ్లీ దొరుకుతుందా, సెకండ్ హ్యాండ్ బజారులో దాని ధర ఎంత పలుకుతోంది.

చిప్ తయారీ సంస్థ ఒక భాగాన్ని మానేసే ముందు కొనేవాళ్లకు నోటీసు పంపుతుంది: ఫలానా తేదీలోగా చివరి ఆర్డరు పెట్టుకోండి, ఆ తర్వాత ఇవ్వలేం అని. అప్పుడు సింథ్ కంపెనీకి మిగిలేవి రెండు దారులు. రెండు మూడేళ్లకు సరిపడా చిప్‌లు ఒకేసారి కొని గోడౌన్‌లో పెట్టుకోవడం ఒకటి, బోర్డును మళ్లీ డిజైన్ చేయడం రెండోది. రెండో దారి ఖరీదైనది. సర్క్యూట్ గీయాలి, సాఫ్ట్‌వేర్ మార్చాలి, అమెరికా, ఐరోపా విద్యుత్ అనుమతుల పరీక్షలన్నీ మళ్లీ చేయించాలి. ఏడాదికి కొన్ని వేలు మాత్రమే అమ్ముడయ్యే వాయిద్యానికి ఆ ఖర్చు తిరిగి రాదు. అందుకే గోడౌన్‌లో చిప్‌లు అయిపోయిన రోజున మోడల్ కూడా అయిపోతుంది. 2006 జూలై 1 నుంచి ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం వాడకాన్ని కట్టడి చేసినప్పుడూ పాత డిజైన్లకు ఇదే చిక్కు వచ్చింది. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెవొకాలో అసహి కసెయి వారి చిప్ ఫ్యాక్టరీ కాలిపోయింది. ఆడియోను డిజిటల్‌గా, డిజిటల్‌ను తిరిగి ఆడియోగా మార్చే చిప్‌లకు అది పెద్ద ఆధారం. ఆ దెబ్బకు ఆడియో పరికరాలు చేసే కంపెనీలు ఎన్నో చిప్‌ల కోసం వెతుక్కున్నాయి, కొన్ని తమ బోర్డులనే మార్చుకున్నాయి.

ఇదంతా ఇప్పటి సంగతే కాదు. టీఆర్-808 డ్రమ్ మెషీన్‌ను రోలాండ్ 1980లో మొదలుపెట్టి 1983లో ఆపేసింది. తయారైనవి సుమారు 12,000. అందులోని నాయిస్ శబ్దం కోసం, మామూలుగా తీసిపారేసే ట్రాన్సిస్టర్లను, అంటే రొద ఎక్కువగా ఉన్నవాటిని ఏరి కొనేవారు. తర్వాత సెమీకండక్టర్ల తయారీ మెరుగుపడి అలాంటి లోపమున్నవి దొరకలేదని రోలాండ్ వ్యవస్థాపకుడు ఇకుతారో కకేహాషి స్వయంగా చెప్పారు. హిప్‌హాప్ వాళ్లు ఆ డ్రమ్ మెషీన్‌ను నెత్తిన పెట్టుకునే నాటికి దాని తయారీ ఆగిపోయి ఉంది. 2017లో రోలాండ్ తెచ్చిన టీఆర్-08లో ఉన్నది 808 సర్క్యూట్ కాదు, ఆ సర్క్యూట్ ప్రవర్తనను లెక్కగట్టే డిజిటల్ ప్రోగ్రామ్.

విడిభాగాల తర్వాత రెండో కారణం బజారు. 1983లో యమహా డీఎక్స్7 వచ్చి ఎఫ్‌ఎమ్ అనే డిజిటల్ పద్ధతి శబ్దంతో అనలాగ్ కీబోర్డులను, అంటే నేరుగా విద్యుత్ సర్క్యూట్లతో శబ్దం పుట్టించేవాటిని, ఒక్క ఊపులో పాతబడేట్టు చేసింది. మరుసటి ఏడే ప్రాఫెట్-5 ఆగిపోయింది.

ఈ ప్రాఫెట్-5 కథ వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఒక సింథ్ నిజంగా తిరిగి రావాలంటే ఏమేం కలిసి రావాలో ఇందులో కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో డేవ్ స్మిత్ కంపెనీ సీక్వెన్షియల్ దాన్ని 1978లో విడుదల చేసింది. ఐదు స్వరాలు ఒకేసారి పలుకుతాయి, సెట్ చేసుకున్న శబ్దాలు మెమరీలో నిలుస్తాయి. ఆ రోజుల్లో అదొక వింత. మొదటి రెండు రివిజన్లలో (రూపాల్లో) చిప్ కంపెనీ ఎస్‌ఎస్‌ఎమ్ చిప్‌లు ఉండేవి. వాటితో శ్రుతి నిలవక, రిపేర్లు ఎక్కువై, 1980లో మూడో రివిజన్‌కు డగ్ కర్టిస్ రూపొందించిన సీఈఎమ్ చిప్‌లకు మారారు. మొత్తం సుమారు 6,000 తయారై 1984లో ఆగింది. 1987లో కంపెనీయే యమహా చేతికి పోయింది, పేరుతో సహా. ఆ తర్వాత డేవ్ స్మిత్ కొత్త కంపెనీ పెట్టి సింథ్‌లు చేసినా వాటి మీద సీక్వెన్షియల్ అన్న పేరు వేసుకునే హక్కు లేదు. 2015లో కకేహాషి చొరవ తీసుకోవడంతో యమహా ఆ పేరును తిరిగి ఇచ్చేసింది. మరుసటి సంవత్సరం, 2016లో, డగ్ కర్టిస్ పోయిన తొమ్మిదేళ్లకు, ఆయన స్థాపించిన సంస్థ సీఈఎమ్ 3340 అనే, స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్ చిప్‌ను మళ్లీ తయారు చేసింది. పాత ఎస్‌ఎస్‌ఎమ్ ఫిల్టర్‌ను (శబ్దం రంగు మార్చే సర్క్యూట్‌ను) రూపొందించిన డేవ్ రాసమే దాని కొత్త రూపాన్నీ తయారు చేశారు. ఇవన్నీ కలిసొచ్చాకే 2020 అక్టోబరులో ప్రాఫెట్-5 నాలుగో రివిజన్ వచ్చింది. ఒక స్విచ్ తిప్పితే మొదటి రెండు రివిజన్ల ఫిల్టర్, ఇంకోవైపు తిప్పితే మూడోదాని ఫిల్టర్. ఇలాంటిదాన్ని తిరిగి రావడం అనొచ్చు. సర్క్యూటే తిరిగి వచ్చింది.

ఇప్పుడు మిగతావాటిని ఇదే కొలతతో చూడండి. కోర్గ్ 2013లో తెచ్చిన ఎంఎస్-20 మినీలో 1978 నాటి అనలాగ్ సర్క్యూటే ఉంది కానీ కొలత 86 శాతానికి తగ్గింది, కీలు చిన్నవయ్యాయి, వైర్లు గుచ్చే ప్యాచ్ జాక్‌లు 6.35 మిల్లీమీటర్ల నుంచి 3.5కు మారాయి. చెవికి పాతదే, చేతికి కొత్తది. మోగ్ తన మినీమోగ్ మోడల్ డీని 1970లో మొదలుపెట్టి 1981లో ఆపింది, 2016లో మళ్లీ తెచ్చి 2017లో ఆపింది, 2022లో ఇంకోసారి తెచ్చింది. ఆ 2016 మోడల్ సర్క్యూట్ పాతదాని నకలే, బోర్డులో రంధ్రాల్లో గుచ్చి సోల్డర్ చేసే పాత పద్ధతిలోనే కూర్చారు. అలాంటి వాయిద్యాన్ని ఏడాది పొడవునా లైను మీద నడపడం చిన్న ఫ్యాక్టరీకి భారం. విడిభాగాలు కొనిపెట్టుకుని ఒక విడత చేసి, అమ్మి, ఆ బల్లలు వేరే మోడల్‌కు ఇచ్చేస్తారు. 2015లో పెద్ద మాడ్యులర్ సిస్టమ్ 55ను మళ్లీ తెచ్చినప్పుడు 55 మాత్రమే చేస్తామని ముందే ప్రకటించారు. "లిమిటెడ్ ఎడిషన్" అన్న మాట వెనుక కొనేవాణ్ని తొందరపెట్టే ఎత్తు కొంత ఉంటుంది, కాదనను. కానీ అమ్ముడుపోని సరుకు మిగిలిపోకుండా చూసుకోవడం అంతకన్నా పెద్ద కారణం.

ఒక మోడల్ షాపుల్లో కనబడకపోతే ఆగిపోయిందనే అనుకోవద్దు. టీనేజ్ ఇంజినీరింగ్ వారి ఓపీ-1 చాలా నెలలు దొరకకపోతే ఇక రాదని ప్రచారమైంది, పాతవాటి ధర ఆకాశానికి పోయింది. దొరకనిది దాని డిస్‌ప్లే తెర. తెర దొరికాక 2019లో మళ్లీ వచ్చింది, ధర మాత్రం పెరిగింది. డీలర్‌ను అడిగేటప్పుడు "స్టాక్ ఉందా" అని కాదు, "కంపెనీ ఆర్డరు తీసుకుంటోందా, తేదీ ఇచ్చిందా" అని అడగండి. ఆర్డరే తీసుకోవడం లేదంటే ఆగిపోయినట్టే.

తాళం, నేపథ్యం తామే వాయించే, స్టేజీ మీద వాడే అరేంజర్ కీబోర్డుల లెక్క వేరు. యమహా పీఎస్‌ఆర్-ఎస్‌ఎక్స్900 2019లో వచ్చింది, 2024లో ఎస్‌ఎక్స్920 దాని స్థానం తీసుకుంది. ఇవి నాలుగైదేళ్లకోసారి మారే సరుకు. కొత్తది రాగానే పాతది చవకవుతుంది, కాబట్టి ఆర్కెస్ట్రాలకు, చర్చిలకు వాయించేవాళ్లకు కొత్త మోడల్ ప్రకటించిన వారమే మంచి బేరం దొరికే సమయం. జూనో-106 లాంటివాటి విషయంలో ఆ సూత్రం పనిచేయదు. అవి ఇప్పటికే కిందపడి లేచిన ధరలు.

ఇక మీ జూనో సంగతి. రోలాండ్ దీన్ని 1984 నుంచి 1988 దాకా చేసింది. ఆరు స్వరాలు, 128 శబ్దాల మెమరీ, మిడి (కంప్యూటర్‌తో, ఇతర కీబోర్డులతో కలిపే ఏర్పాటు), శబ్దాన్ని విశాలంగా వినిపించే, అందరూ వెంటపడే ఆ స్టీరియో కోరస్. ఆసిలేటర్‌ను డిజిటల్ గడియారం నడుపుతుంది కాబట్టి శ్రుతి తప్పదు. దాని ప్రాణం ఉన్నది 80017ఏ అనే ఆరు చిప్‌లలో. ఒక్కో స్వరానికి ఒకటి, ఫిల్టర్, వాల్యూమ్ సర్క్యూట్లు రెండూ అందులోనే. నిజానికి అది మామూలు చిప్ కాదు. పింగాణీ పలక మీద చిన్న చిన్న భాగాలు పేర్చి పైన నల్లటి ఎపాక్సీ పూత పోసిన చిన్న బోర్డు, అంటే మాడ్యూల్. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత గుండా కరెంటు లీకవుతుంది. అప్పుడు ఆ స్వరం చిటపటలాడుతుంది, లేదా బొంగురుపోతుంది, లేదా కీ వదిలినా మోగుతూనే ఉంటుంది, చివరికి మూగబోతుంది. ఆరూ ఒకే వయసువి కాబట్టి ఒకటి పోయిందంటే మిగతావి వెనకాలే క్యూ కట్టాయని అర్థం. రోలాండ్ ఈ భాగాన్ని చేయడం ఎప్పుడో మానేసింది.

రోలాండ్ అనలాగ్ జూనోను మళ్లీ తీయకపోవడానికి ఇది ఒక కారణమని నా అంచనా. ఆ మాడ్యూల్‌ను మళ్లీ పుట్టించాలి, ఆ ఖర్చుకు తగ్గ ధర పెడితే కొనేవాళ్లు తగ్గుతారు. బదులుగా పేరును తిరిగి తెచ్చింది, అదీ పలుమార్లు. 2015లో జేయూ-06, 2019లో పాత జూనో-60నీ 106నూ కలిపిన జేయూ-06ఏ, 2022లో 61 కీల జూనో-ఎక్స్, కంప్యూటర్‌లో వాడుకునే ప్లగిన్. అన్నీ టీఆర్-08 లాగా డిజిటల్ మోడలింగే. 2024లో జూనో-డి పేరుతో వచ్చినవి స్టేజీ కీబోర్డులు, పేరు తప్ప 106తో పోలిక వెతకొద్దు. అంటే మీరు ఎదురుచూస్తున్న రీలాంచ్ అయిపోయింది. అనలాగ్ 106ను రోలాండ్ తిరిగి తెస్తుందన్న ఆశతో స్టూడియో పని ఆపుకోవద్దు.

మీ పనికి ఏది సరిపోతుంది? షార్ట్ ఫిల్ముల మిక్స్‌లో డైలాగు, సౌండ్ ఎఫెక్టుల కింద మెత్తగా సాగే ఆ ప్యాడ్ శబ్దం చాలంటే ముందు ప్లగిన్‌తో నెల రోజులు పనిచేయండి. స్లైడర్లు చేత్తో జరపాలని ఉంటే జేయూ-06ఏ. అయితే అది నాలుగు స్వరాలదే. ఎడమచేత్తో బాస్, కుడిచేత్తో నాలుగు స్వరాల కార్డు పట్టారంటే ఒక స్వరం తెగిపోతుంది. రెండు చేతులా వాయించాలంటే జూనో-ఎక్స్. వీటికి వారంటీ ఉంటుంది, మెమరీ పోదు. అసలు 106 తీసుకోవాల్సింది దాని మీదే గంటల తరబడి కూర్చుని వాయించేవాళ్లు, రిపేరుకు సిద్ధపడినవాళ్లు.

మీరు ఈ చివరి కోవలోకి, అంటే అసలు 106 కొనేవాళ్లలోకి, వస్తే, డబ్బు చేతులు మారకముందే బావగారిని ఈ పరీక్షలు చేసి వీడియో పంపమనండి. స్విచ్ వేసి కనీసం ఇరవై నిమిషాలు వదిలేయాలి, వేడెక్కాక బయటపడే రోగాలు కొన్ని ఉంటాయి. తర్వాత ఆపి, కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని మళ్లీ ఆన్ చేస్తే టెస్ట్ మోడ్‌లోకి వెళుతుంది. అప్పుడు కీ నొక్కినప్పుడల్లా ఏ స్వరం మోగుతోందో దాని నంబరు తెర మీద కనిపిస్తుంది. "అన్ని కీలూ పలుకుతున్నాయి" అన్నదానికి విలువ లేనిది ఇందుకే. కీలు 61 ఉన్నా వాటి వెనకున్న స్వరాలు ఆరే, చెడిపోయిన స్వరం ఆరుసార్లకోసారి మాత్రమే వినబడుతుంది. ఆరింటినీ విడివిడిగా వినాలి.

ఆ తర్వాత మామూలు మోడ్‌లో కోరస్ ఆపి, ఆసిలేటర్ తరంగాలన్నీ ఆఫ్ చేసి, నాయిస్, సబ్ స్లైడర్లు కిందికి దించి, రెజొనెన్స్‌ను పూర్తిగా పైకి తోయాలి. ఫిల్టర్ తనంతట తానే ఈల వేస్తుంది. ఒకే కీని ఆరేడుసార్లు నొక్కితే ఈల ప్రతిసారీ ఒకే ఎత్తులో, ఒకే బలంతో రావాలి. ఒక దాంట్లో ఈల బలహీనంగా ఉన్నా, శ్రుతి వేరుగా ఉన్నా, ఆ చిప్ పోతోందో సర్దుబాటు తప్పిందో తెలియదు, రెండింటికీ ఖర్చే. తరువాత ఏ కీ నొక్కకుండా వాల్యూమ్ పూర్తిగా పెట్టి వినండి. వెనక గురగురలు, చిటపటలు వస్తే లీకేజీ మొదలైనట్టు. కోరస్ ఒకటి, రెండు వేసినప్పుడు కొంచెం బుస వినబడటం దాని స్వభావం. కానీ ఒక పక్క స్పీకర్‌లో శబ్దం పడిపోతే కోరస్ చిప్ సంగతి చూడాలి. కొన్ని కీలు గట్టిగా నొక్కితేనే పలుకుతుంటే అది కీల కింది రబ్బరు కాంటాక్టుల మురికి, తుడిస్తే పోతుంది, దానికి బేరం వదులుకోనక్కర్లేదు.

అమ్మేవాళ్లను ఒకటే ప్రశ్న అడగండి: ఆరు 80017ఏ చిప్‌లూ మార్చారా, బిల్లు ఉందా? మార్చి ఉండి, బోర్డు ఫోటో చూపిస్తే 1,800 డాలర్లకు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. మార్చలేదంటే ఆరు కొత్త క్లోన్ (నకలు) మాడ్యూళ్ల ధర, కూలీ కలిపి అందులోంచి తగ్గించమనాలి. వీలైతే ఆ పని అమెరికాలోనే పూర్తి చేయించి తెప్పించుకోండి. మన దగ్గర కీబోర్డులు బాగుచేసేవాళ్లు ఉన్నా, ఈ మాడ్యూళ్ల మీద చేయి పెట్టినవాళ్లు అరుదు.

పాత మాడ్యూల్‌ను బతికించే పద్ధతి ఒకటుంది. బోర్డు నుంచి ఊడదీసి గాజు సీసాలో అసిటోన్ పోసి ఒకటి రెండు రోజులు నానబెడితే ఎపాక్సీ మెత్తబడి ఊడొస్తుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ పనికిరాదు, అందులో నూనెలు, రంగులు కలుస్తాయి. మూత బిగించి, గాలి ఆడే చోట, మంటకు దూరంగా ఉంచాలి. తొందరపడి కత్తితో గీకితే కింద ఉన్న చిన్న భాగాలు పూతతోపాటే వచ్చేస్తాయి, అంతటితో ఆ మాడ్యూల్ కథ ముగిసినట్టే. తిరిగి పెట్టేటప్పుడు నేరుగా సోల్డర్ చేయకుండా సాకెట్ వేయించండి. చివర్లో సర్వీస్ మాన్యువల్ ప్రకారం ఆరు స్వరాల ఫిల్టర్ ట్రిమ్మర్లనూ (సర్దుబాటు మరలనూ) ఒక్కొక్కటిగా సరిచేయాలి. అది వదిలేస్తే మాడ్యూళ్లు బాగున్నా ఒక్కో స్వరం ఒక్కో రకంగా మోగుతుంది.

మెమరీని నిలిపేది లోపలి సీఆర్2032 బ్యాటరీ, సాధారణంగా సోల్డర్ చేసి ఉంటుంది. దాన్ని తీసిన క్షణంలో 128 శబ్దాలూ పోతాయి. ముందుగా వెనకనున్న టేప్ సేవ్ జాక్ నుంచి ఫోన్‌కో రికార్డర్‌కో రికార్డు చేసుకోండి, లేదా మిడి ద్వారా కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. కొత్త బ్యాటరీకి హోల్డర్ వేయిస్తే వచ్చేసారి సోల్డరింగ్ అక్కర్లేదు.

ఇక తేవడం. జూనో-106 కొలతలు 99.2, 32, 12 సెంటీమీటర్లు, బరువు 10 కిలోలు. మూడు కొలతలూ కలిపితే 143. చాలా విమాన సంస్థలు చెక్-ఇన్ పెట్టెకు 158 సెంటీమీటర్లు, 23 కిలోలు అంటాయి. బరువుకు ఇబ్బంది లేదు. ప్యాకింగ్‌కు మిగిలింది మాత్రం 15 సెంటీమీటర్లే, అంటే ఒక్కో పక్క రెండున్నర సెంటీమీటర్ల ఫోమ్, పెట్టె మందం కూడా అందులోనే. స్లైడర్ల మీద బరువు పడకుండా పైన గట్టి ఫోమ్ పలక పెట్టాలి. చక్రాల హార్డ్ కేస్ కొంటే పరిమితి దాటడం ఖాయం, ఓవర్‌సైజ్ రుసుము ఎంతో ముందే కనుక్కోండి. కొన్న రశీదు చేతి సంచిలో ఉండాలి, కస్టమ్స్‌లో విలువ అడిగితే చూపించడానికి.

ఇంటికి వచ్చాక చేయకూడనిది ఒకటుంది. అమెరికాలో అమ్మిన 106 లోపలి ట్రాన్స్‌ఫార్మర్ అక్కడి కరెంటుకు చుట్టినది, సుమారు 120 వోల్టులు. మన గోడ ప్లగ్‌లో వచ్చేది 230. ట్రావెల్ అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. దానితో పెడితే ఫ్యూజు ఎగిరిపోవడం అదృష్టం, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం దురదృష్టం. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్లు కూడా వద్దు. రాగి చుట్టలున్న 230 నుంచి 110 వోల్టుల స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, 100 వాట్లది, దీనికి ధారాళంగా సరిపోతుంది. దాన్ని ఆడియో కేబుళ్లకు ఒక మీటరైనా దూరంగా పెట్టండి, లేకపోతే రికార్డింగులో హమ్ ఎక్కుతుంది. జపాన్ నుంచి తెప్పించిన పీస్ అయితే అది 100 వోల్టులది, దానికి వేరే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఏదైనా సరే, వెనక పలక మీద అచ్చువేసిన వోల్టేజీ చదివి, ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్‌ను మీటర్‌తో కొలిచాకే మొదటిసారి స్విచ్ వేయండి.